ఎన్నేళ్ళుంటే ఊరివాడవుతాడు?

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ జరిగింది. విజయవాడ పటమటలో ఐదంతస్తుల పాత బిల్డింగు మాది, ఇరవై ఫ్లాట్లు. లిఫ్టు మరమ్మతు, నీళ్ళ మోటారు, కారిడార్లలో చెప్పుల స్టాండ్లు, ఇవన్నీ అయ్యాక నాలుగో అంతస్తు సార్ వాచ్‌మన్ సంగతి ఎత్తారు. "పరాయి దేశం మనిషిని పెట్టుకుని ఎన్నాళ్ళు నడుపుతాం? రేపు ఏదన్నా జరిగితే ఎవరు జవాబు చెప్తారు? మనవాళ్ళనే ఎవర్నన్నా చూసుకుందాం" అన్నారు. ముగ్గురు తలూపారు. మిగతావాళ్ళం ఊరుకున్నాం. నేనూ ఊరుకున్నాను. సివిక్స్ పాఠం చెప్పి జీతం తీసుకునేదాన్ని, ఆ రోజు నోరు పెగల్లేదు. అప్పట్నుంచీ అదే గుచ్చుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

మా వాచ్‌మన్‌ది నేపాల్. పడమటి కొసన అఛాం జిల్లాలో కొండమీది ఊరు. విజయవాడ వచ్చి పదిహేడేళ్ళయింది, మా గేటు దగ్గరికి వచ్చి పదకొండేళ్ళు. భార్య నాలుగు ఫ్లాట్లలో అంట్లు తోముతుంది. కొడుకు ఈ ఊళ్ళోనే పుట్టాడు, ఈ మార్చిలో పదో తరగతి పరీక్షలు రాస్తాడు. మా నాన్నగారికి గుండెనొప్పి వచ్చిన రాత్రి లిఫ్టు పనిచెయ్యలేదు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక పక్క నేనూ ఒక పక్క ఇతనూ పట్టుకుని మూడంతస్తులు దింపాం. నాలుగో అంతస్తు సార్ వాళ్ళమ్మగారిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి ఆటో ఎక్కించేది కూడా ఇతనే.

ఆ సార్ చెడ్డవారు కాదు. రిటైరైన ఇంజనీరు, ఎవరికి కష్టమొచ్చినా ముందుండే మనిషి. ఆయన కూతురూ అల్లుడూ పన్నెండేళ్ళుగా టెక్సాస్‌లో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నారు. 2025 ఫిబ్రవరి 5న 104 మంది మనవాళ్ళని చేతులకి సంకెళ్ళు వేసి అమెరికా సైనిక విమానంలో అమృతసర్‌లో దింపినప్పుడు, ఆయన మెట్లమీద నన్ను ఆపి చాలాసేపు మాట్లాడారు. "తప్పు చేసి ఉండొచ్చమ్మా, కానీ సంకెళ్ళేంటి, మనుషులు కారా" అన్నారు. కళ్ళు తడిశాయి ఆయనకి. ఆ బాధ నిజం. మీటింగులో అన్న మాట కూడా ఆయన మనసులోంచి వచ్చిందే. ఆ రెండూ ఒకే మనిషిలో ఇమిడాయంటే, నోరు మూసుకున్న నాలో కూడా ఇమిడాయంటే, ఎక్కడో మనం ఆలోచించడం మానేశామని అర్థం.

శనివారం పొద్దున, గన్నవరం

మా తమ్ముడు 2010లో అమెరికా వెళ్ళాడు. అప్పటికి వాడి కూతురికి ఐదేళ్ళు. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఏనాడో పెట్టాడు, ఆమోదం కూడా వచ్చింది, కానీ క్యూ కదలదు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని అక్కడి చట్టం. చిన్న దేశానికీ అంతే, మనకీ అంతే. అందుకే 2025లో కూడా మనవాళ్ళ ప్రయారిటీ డేటు, అంటే క్యూలో ఎప్పుడు చేరినవాళ్ళ వంతు వచ్చిందో చెప్పే తేదీ, 2012, 2013 దగ్గరే తచ్చాడింది. ఈలోగా ఉద్యోగం పోతే అరవై రోజులు. ఆ అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదా ఇల్లూ కారూ పిల్లల బడీ వదిలి సర్దుకోవాలి.

2025 సెప్టెంబరులో నాన్నగారి ఆబ్దికానికి వాడు ఒక్కడే వచ్చాడు. ఆదివారం తిథి. శనివారం, 20వ తారీకు, తెల్లారేసరికి ఫోన్ నిండా మెసేజీలు. హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజు అని అధ్యక్షుడు సంతకం పెట్టాడట, గడువు దాటాక వచ్చేవాళ్ళకి వర్తిస్తుందట, బయట ఉన్నవాళ్ళు వెంటనే వచ్చెయ్యండి అని కంపెనీ లాయరు మెయిల్. లెక్క వేసుకుంటే గడువులోగా అక్కడ దిగడం దాదాపు అసాధ్యం. అయినా వాడి చేతులు ఆగలేదు. అమ్మ వంటింట్లో అప్పటికే మినుములు నానబోసింది. వాడు ఆవిడ కాళ్ళకి దండం పెట్టి, సగం సర్దిన పెట్టెతో గన్నవరం పరిగెత్తాడు. ఆ రాత్రి శంషాబాద్‌లో కూర్చున్నాడు. తెల్లవారుజామున, విమానం ఎక్కబోతుండగా, ఇది కొత్త దరఖాస్తులకే, పాతవాళ్ళకి కాదు అని వివరణ వచ్చింది. కానీ వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు, ఎక్కేశాడు. నాన్నగారి పిండం మా బాబాయి కొడుకు పెట్టాడు.

మా మేనకోడలికి వచ్చే ఏడు ఇరవై ఒకటి నిండుతాయి. ఆ రోజుతో తండ్రి వీసా నీడ తొలగిపోతుంది. తర్వాత స్టూడెంట్ వీసా తెచ్చుకోవాలి, లేదంటే దేశం వదలాలి. ఫోన్లో ఒకసారి అడిగింది. "అత్తా, అందరూ వెనక్కి వెళ్ళాలంటారు. నాకు వెనక అంటే ఏ ఊరు?" దాని తెలుగు కొంచెం వంకరగా ఉంటుంది, ప్రశ్న మాత్రం సూటిగా ఉంది. విజయవాడ అని చెప్పబోయి ఆగాను. ఐదేళ్ళప్పుడు వదిలిన ఊరు అది.

వ్యక్తి, పౌరుడు

ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి ప్రాథమిక హక్కులు చెప్తున్నాను. ప్రతి ఏడాదీ ఒక తేడా బోర్డు మీద రాయిస్తాను. 19వ అధికరణ, అంటే మాట్లాడే స్వేచ్ఛ, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, దేశంలో ఎక్కడైనా స్థిరపడే స్వేచ్ఛ, పౌరులకి. 15, 16 పౌరులకి. 14వ అధికరణ, చట్టం ముందు సమానత్వం, ఏ వ్యక్తికైనా. 21, ప్రాణమూ స్వేచ్ఛా, ఏ వ్యక్తికైనా. 25, నమ్మిన దేవుణ్ణి కొలుచుకోవడం, అందరికీ. 2002లో చేర్చిన 21-ఎ, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ చదువు. అక్కడ పౌరులన్న మాటే లేదు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వస్తుంది ఇది. పిల్లలు బట్టీ పట్టి రాసేస్తారు. నేను కూడా అంతే, రెండు మార్కుల వరకే ఆలోచించానేమో.

'వ్యక్తి' అన్న ఆ మాటని రాజ్యాంగంలో ఎంతో ఆలోచించి పెట్టారు. 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మాల కేసులో, అరుణాచల్‌లో ఉన్న ఆ కాందిశీకుల్ని గడువు పెట్టి తరిమేస్తామన్న సంఘాల నుంచి కాపాడాల్సిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే అని సుప్రీంకోర్టు చెప్పింది. పౌరుడైనా కాకపోయినా ప్రాణం ప్రాణమే అంది. 2000లో హౌరా స్టేషన్లో అత్యాచారానికి గురైన బంగ్లాదేశ్ మహిళ కేసులో, 21వ అధికరణ ఆవిడకీ వర్తిస్తుందని చెప్పి నష్టపరిహారం సమర్థించింది. అంటే నేను అడగబోయేది మన రాజ్యాంగానికి కొత్తేమీ కాదు.

కానీ మా వాచ్‌మన్ కొడుకు దగ్గరికి వస్తే లెక్క మారిపోతుంది. అమెరికాలో 2025 జనవరి 20న, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకి పుట్టే పిల్లలకి ఇక పౌరసత్వం ఇవ్వం అని ఉత్తర్వు ఇచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ అట్టుడికిపోయాయి. అక్కడ పుట్టినవాడు అక్కడివాడే అని 1898లోనే ఒక చైనా దంపతుల కొడుకు కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు తేల్చిందని మా తమ్ముడు నాకు వివరంగా చెప్పాడు. నిజమే. మరి మన సంగతి? మన గడ్డ మీద పుట్టినంత మాత్రాన పౌరుడయ్యే హక్కుని మనం 1987 జూలై 1తోనే ఆపేశాం, తల్లిదండ్రుల్లో ఒకరైనా భారతీయులై ఉండాలన్నాం. 2004 డిసెంబరు నుంచి ఇంకా బిగించాం. అందుకే విజయవాడలో పుట్టి, విజయవాడ తప్ప ఇంకో ఊరు ఎరగని ఆ పిల్లాడు భారతీయుడు కాడు. అక్కడ దేన్ని అన్యాయం అన్నామో, ఇక్కడ అదే ముప్ఫై ఎనిమిదేళ్ళుగా చట్టం.

అతని తండ్రి ఇక్కడ దొంగతనంగా ఏమీ లేడు, అది కూడా చెప్పాలి. 1950 జూలై 31న నేపాల్‌తో మనం చేసుకున్న ఒప్పందంలో ఏడో అంశం ప్రకారం వాళ్ళు ఇక్కడా మనం అక్కడా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, ఆస్తి కొనుక్కోవచ్చు. వీసా అక్కర్లేదు. ఆధార్ కూడా ఉంది, ఎందుకంటే అది నివాసానికి ఇచ్చేదే కానీ పౌరసత్వానికి కాదు. ఇంత ఉన్నా, మూడేళ్ళ క్రితం అతని భార్యకి గర్భసంచి ఆపరేషన్ అయితే, రైస్ కార్డు లేదు కాబట్టి వైద్య సేవ పథకం వర్తించలేదు. వడ్డీకి తెచ్చుకున్నారు. ఆ అప్పు ఇంకా తీరుతూనే ఉంది. ఇక్కడ కొనే ప్రతి సబ్బు బిళ్ళ మీదా, ప్రతి ఫోన్ రీచార్జి మీదా పదిహేడేళ్ళుగా పన్ను మాత్రం కడుతూనే ఉన్నారు.

ఖల్లివల్లి

అమ్మకి వంటలో సాయం చేసే ఆవిడ పశ్చిమ గోదావరి మనిషి. తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. వీసాలు, హక్కులు అని నేను పుస్తకాల్లోంచి చెప్పబోతే ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేస్తుంది.

మొదటి ఇంట్లో ఆరేళ్ళు బాగానే గడిచిందట. తర్వాత ఆ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆవిడని ఇంకొకరికి మార్చాడు. ఆ కొత్త ఇంట్లో పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేశారు. తెల్లారుజామున మొదలెడితే రాత్రి పన్నెండు. నాలుగు నెలలు జీతం ఇవ్వలేదు. ఒక రోజు చెత్త పడేసే నెపంతో బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. ఆ క్షణం నుంచి ఆవిడ 'ఖల్లివల్లి'. అరబ్బీలో 'పోనీ వదిలెయ్' అనే మాట అది. గల్ఫ్‌లో మనవాళ్ళు అకామా, అంటే అక్కడ ఉండడానికి అనుమతి కార్డు, లేని మనిషికి ఆ పేరు పెట్టారు. పారిపోయిందని కఫీల్ కేసు పెట్టాడు. తర్వాత మూడేళ్ళు ఏ రోజుకా రోజు ఎవరింట్లోనో పని, ఒక గదిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు. కాలికి పుండు పడితే ఆసుపత్రికి వెళ్ళలేదు. అడుగుతారేమోనని. 2018లో క్షమాభిక్ష ప్రకటిస్తే తిరిగి వచ్చింది. కాలు ఇప్పటికీ ఈడుస్తుంది.

కువైట్‌లో చట్టం లేదా అంటే ఉంది. 2015లోనే ఇంటిపనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం చేశారు. రోజుకి పన్నెండు గంటలకి మించకూడదు, వారానికో సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండకూడదు. మరుసటి ఏడాది నెలకి కనీసం 60 దినార్లు అని కూడా పెట్టారు. ఇవన్నీ నేను చదివి చెప్తే ఆవిడ పప్పు తిరగమోత వేస్తూ అంది, "ఉంటదండి. కానీ ఆ ఇంట్లోంచి బయటికొస్తేనే కదా పోలీసోళ్ళకి చెప్పేది. బయటికొస్తే నేనే దొంగనైతిని."

ఈ ఒక్క మాట నా ఆలోచనని మార్చింది. 'అక్రమంగా ఉంటున్నవాళ్ళు' అని మనం అనేటప్పుడు, కంచె దూకి వచ్చినవాళ్ళనే ఊహించుకుంటాం. ఆవిడ కంచె దూకలేదు. వీసా మీద, స్టాంపింగ్ వేయించుకుని, విమానంలో వెళ్ళింది. ఉండే హక్కుని యజమాని చేతిలో పెట్టారు కాబట్టి, యజమానిని వదిలిన రోజున అక్రమం అయింది. మా తమ్ముడి అరవై రోజులు కూడా ఇదే తీగె, కాస్త పొడుగు ఎక్కువ. కొంత మార్పు వచ్చింది, కాదనను. యజమాని ఒప్పుకోకపోయినా పని మారొచ్చని ఖతర్ 2020లో చట్టం మార్చింది. 2021లో సౌదీ కూడా కొంత సడలించింది, కానీ ఇంటిపనివాళ్ళని అందులో కలపలేదు. అంటే ఎవరికి అన్నిటికన్నా ఎక్కువ అవసరమో వాళ్ళనే వదిలేశారు.

తేజ కాయకి ఉన్న దారి

గుంటూరు మిర్చి యార్డులో నా పాత స్టూడెంటు ఒకతను కమీషన్ వ్యాపారం చేస్తాడు. సీజన్లో ఒకసారి వెళ్ళాను. గొంతులో ఘాటు, తుమ్ములు, ఎటు చూసినా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. "ఈ తేజ కాయ చైనాకి మేడం, అది బంగ్లాదేశ్‌కి" అని చూపించాడు. కాయకి తేమ ఎంత, మందు అవశేషం ఎంత అని చూసి, సర్టిఫికెట్ ఇచ్చి, కంటైనర్లో ఓడ ఎక్కిస్తారు. అవతలి రేవులో ఎవరూ 'నువ్విక్కడికెందుకొచ్చావ్' అని అడగరు. సరుకుకి దారి వెయ్యడానికి దేశాలన్నీ కలిసి 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ పెట్టుకున్నాయి. అందులోనే సేవల ఒప్పందంలో మనుషుల రాకపోకల మీద ఒక అనుబంధం ఉంది. ఆ అనుబంధమే చెప్తుంది, పౌరసత్వానికీ, స్థిర నివాసానికీ, శాశ్వత ఉద్యోగానికీ ఇది వర్తించదు అని. అంటే పనిని తీసుకుంటాం, పని చేసే మనిషి మాత్రం మా లెక్కలోకి రాడు అని ముందే రాసిపెట్టుకున్నారు.

వలస కార్మికుల, వాళ్ళ కుటుంబాల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1990 డిసెంబరు 18న వచ్చింది, 2003 జూలై 1న అమల్లోకి వచ్చింది. కాగితాలున్నా లేకున్నా ప్రతి వలస కార్మికుడికీ ఉండాల్సిన కనీస హక్కులు అందులో వివరంగా ఉన్నాయి. అమెరికా దాన్ని ఆమోదించలేదు. గల్ఫ్ దేశాలు ఆమోదించలేదు. మనమూ ఆమోదించలేదు. దాదాపు కోటీ ఎనభై లక్షల మందిని బయటికి పంపిన దేశం మనది. వాళ్ళ తరఫున అడగాల్సిన మొదటి గొంతు మనదే కావాలి. మనం ఎందుకు అడగడం లేదో నాకు ఒక అనుమానం ఉంది. అక్కడ అడిగితే ఇక్కడ ఇవ్వాలి.

రంగం

యార్డు బయట టీ బంకు దగ్గర ఒక ముఠా కూలీతో మాట కలిసింది. యాభై దాటిన మనిషి. "బీహారోళ్ళు వచ్చాక మా మాటకి విలువ లేదమ్మా. రేటు పెంచమంటే పొమ్మంటున్నారు, వాళ్ళు తక్కువకి ఎత్తుతున్నారు" అన్నాడు. బీహారువాళ్ళు ఈ దేశ పౌరులే, నా వ్యాసం వాళ్ళ గురించి కాదు. కానీ బయటి నుంచి వచ్చినవాళ్ళకి హక్కులు ఇవ్వాలనే ఎవరైనా ముందు ఈ మనిషికి జవాబు చెప్పాలి. ఇతని కూడు నిజంగానే తగ్గింది. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో కూర్చుని ఉదారంగా మాట్లాడ్డం తేలిక, ఇతని ఎదుట మాట్లాడ్డం కష్టం.

నాకు జవాబు మా ఇంటి కథలోనే దొరికింది. అమ్మ వాళ్ళ తాతది కోరంగి దగ్గర పల్లె. ఆ రోజుల్లో రంగూన్ అనేవాళ్ళు కాదు, రంగం అనేవాళ్ళు. రంగం వెళ్ళి ఓడరేవులో మూటలు మోశాడాయన. బర్మావాళ్ళు తెలుగువాళ్ళందర్నీ 'కోరంగీ' అనే పిలిచేవాళ్ళట. 1931 నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాది, 1930 మేలో, తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల్లో సరుకు ఎత్తించేవాళ్ళు వెంటనే బర్మా కూలీలని దింపారు. తర్వాత రాజీ కుదిరింది, మనవాళ్ళని మళ్ళీ రమ్మన్నారు, బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఆ పొద్దుటే కత్తులు లేచాయి. రోజుల తరబడి వీధుల్లో తెలుగువాళ్ళని వెతికి వెతికి చంపారు.

అక్కడ తప్పెవరిది? పొట్ట కొట్టబడిన బర్మా కూలీ మీద నాకు కోపం రాదు, మా ముత్తాత మీదా రాదు. ఇద్దరికీ ఒకే కూలి, ఒకే రక్షణ ఉండి ఉంటే ఒకరిని చూపించి ఇంకొకరిని తీసెయ్యడం కుదిరేది కాదు. తక్కువకి పనిచేసేవాడు తక్కువకి ఎందుకు చేస్తాడు? ఎదురు తిరిగితే పోవాల్సి వస్తుందనే భయంతో. ఆ భయం తీసేస్తే అతనూ మన రేటే అడుగుతాడు. ముఠా కూలీకి నేను ఇదే చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు. "చెప్పడానికి బాగుందమ్మా" అన్నాడు. నిజానికి ఆ రోజు అతనికి కావలసింది ఆ రోజు కూలి. నా జవాబు అందుకోవడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఆ ఎడం నాకు తెలుసు.

మా అమ్మమ్మ రంగంలోనే పుట్టింది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక, 1942లో లక్షల మంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినప్పుడు ఆమెకి తొమ్మిదేళ్ళు. దారిలో కలరా వచ్చి చిన్న తమ్ముడు పోయాడు. పూడ్చడానికి కూడా ఆగనివ్వలేదట. మిగిలినవాళ్ళలో చాలామంది యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళారు. 1960ల్లో బర్మా సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసినప్పుడు దాదాపు మూడు లక్షల మంది భారతీయులు వదిలి రావలసి వచ్చింది. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని ఇప్పటికీ అంటారు. అమ్మమ్మ చివరిదాకా "పరాయి దేశం నుంచి తిరిగొచ్చాం" అని ఒక్కసారి కూడా అనలేదు. "మా ఊరు వదిలి వచ్చాం" అనేది.

ఇల్లు మనది, గేటు మనది

నాలుగో అంతస్తు సార్‌తో మర్నాడు మాట్లాడాను. ఆయన వాదన బలమైనదే. "ఇల్లు మనది. ఎవరిని రానివ్వాలో మన ఇష్టం. ఆ ఇష్టం లేకపోతే ఇల్లనే మాటకి అర్థమేముంది?" అన్నారు. కాదనలేదు. హద్దులు ఉండకూడదని నేను అనడం లేదు. ప్రపంచంలో ఎవరైనా ఎక్కడికైనా వచ్చి ఉండొచ్చు అనే మాట వినడానికి బాగుంటుంది కానీ నాకు నమ్మకం లేదు. కాకపోతే గేటు తీసి లోపలికి పిలిచి, పదకొండేళ్ళు గేటు కాపలా కూడా అతనితోనే కాయించుకుని, ఇప్పుడు 'నువ్వెవరు' అనే హక్కు మనకి ఎక్కడిది? రానివ్వడం మన ఇష్టమైతే కావచ్చు. వచ్చి, పని చేసి, పిల్లల్ని కని, ఇక్కడి మట్టిలో కలిసిపోయాక వెళ్ళగొట్టడం ఉత్త ఇష్టం మీద నడవకూడదు. ఏళ్ళు గడిచే కొద్దీ అతనికి ఈ ఊరి మీద హక్కు పెరగాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. కూలి, వైద్యం, బడి, కోర్టు, యజమానిని మార్చుకునే వీలు, వాదన వినకుండా పంపెయ్యకపోవడం, ఇవి నివాసంతో రావాలి. పాస్‌పోర్టు రంగుతో కాదు.

"సెక్యూరిటీ మాటేంటి? ఎవరు ఎవరో తెలియాలి కదా" అన్నారాయన. తెలియాలి. కానీ పౌరుడు కానివాడికి వాదన వినిపించుకునే హక్కు లేకుండా చేస్తే, ముందు దెబ్బ తినేది పౌరుడే. విదేశీయుడివి అన్న అనుమానం వస్తే, కాదని రుజువు చేసుకునే భారం ఆ మనిషిదే అని 1946 విదేశీయుల చట్టం చెప్పింది, 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కూడా అదే ఉంచింది. అస్సాంలో 2019 ఆగస్టు 31న వచ్చిన పౌరుల జాబితాలో 19 లక్షల మంది పేర్లు లేవు. 2025 వేసవిలో చాలా నగరాల్లో బెంగాలీ మాట్లాడే కూలీలని పట్టుకుపోయారు. సరిహద్దు దాటించాక, వీళ్ళు మనవాళ్ళేనని తేలి కొందర్ని వెనక్కి తీసుకురావలసి వచ్చింది. వన్‌టౌన్‌లో బంగారం పని చేసే బెంగాలీ కుర్రాడొకడు ఇప్పుడు తాత భూమి పట్టా జిరాక్సు కూడా పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాడు. అతను భారతీయుడే.

కాగితాలు లేకుండా, నిజంగానే కంచె దాటి వచ్చినవాళ్ళ విషయంలో నాకు సందేహాలు ఉన్నాయి. వరసలో నిలబడ్డవాడికి, అంటే మా తమ్ముడిలాంటి వాడికి, వాళ్ళని ముందుకి తోస్తే అన్యాయం జరిగినట్టే అనిపిస్తుంది. కానీ వాళ్ళ పిల్లలకి బడి వద్దనలేను. 1982లో అమెరికా సుప్రీంకోర్టే టెక్సాస్ కేసులో అలాంటి పిల్లల్ని బడి నుంచి ఆపడానికి లేదంది. చేసిన పనికి జీతం ఎగ్గొట్టడాన్నీ ఒప్పుకోలేను. ఓటు సంగతి ఇంకా తేల్చుకోలేదు. న్యూజిలాండ్‌లో 1975 నుంచి స్థిర నివాసం ఉన్న విదేశీయులు దేశ ఎన్నికల్లో కూడా ఓటేస్తున్నారు. ఐర్లండ్‌లో స్థానిక ఎన్నికల్లో వేస్తారు. పార్లమెంటు ఓటుకి నా మనసు ఒప్పుకోవడం లేదు. మా వీధి కాలవ ఎప్పుడు పూడిక తియ్యాలో చెప్పే వార్డు ఓటుకి మాత్రం, ఆ కాలవ పక్కనే పడుకునే మనిషికి నాకన్నా ఎక్కువ అర్హత ఉందనిపిస్తుంది.

పౌరుడికీ పరాయివాడికీ మధ్య ఇంకో మెట్టు కట్టడం కుదరదని ఎవరైనా అంటే, మనం ఇప్పటికే కట్టాం. 2005లో, వేరే దేశం పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళ కోసం ఓసీఐ కార్డు పెట్టాం. అమెరికా పౌరసత్వం తీసుకున్న గుంటూరు మనిషి మన చట్టం ప్రకారం విదేశీయుడే. ఓటు లేదు, పొలం కొనడానికి లేదు. కానీ జీవితాంతం వీసా అక్కర్లేదు, ఎన్నేళ్ళయినా ఉండొచ్చు. అమరావతిలో ఫ్లాటు కొనుక్కోవచ్చు. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ లేనివాళ్ళకి, మా రక్తమే కదా అని ఆ మెట్టు వేశాం. మంచిదే. పదిహేడేళ్ళుగా ఇక్కడే ఉన్నవాడికి, ఇక్కడే పుట్టిన వాడి కొడుక్కి కూడా ఒక మెట్టు వెయ్యడానికి మనకి చేతకాదా?

మీటింగు సంగతి వాచ్‌మన్‌కి ఎలాగో తెలిసిపోయింది. మొన్న పాలపాకెట్లు ఇస్తూ తలెత్తకుండా అన్నాడు, "పిల్లాడి పరీక్షలయ్యేదాకా ఉండనివ్వమని చెప్పండి మేడం. ఏప్రిల్ తర్వాత మీ ఇష్టం." ఎందుకు పంపుతున్నారని అడగలేదు. ఉండనివ్వమని కూడా పూర్తిగా అడగలేదు. పదకొండేళ్ళలో అతను నన్ను అడిగిన మొదటి సాయం అది.

ఆ రాత్రి కూర్చుని అసోసియేషన్‌కి ఒక కాగితం రాశాను. అతనికీ, ఇకముందు రాబోయే ఏ వాచ్‌మన్‌కైనా, జీతం కాగితం మీద ఉండాలి. వారానికో పూట సెలవు. ఏ దేశం వాడన్నది తీసెయ్యడానికి కారణం కాకూడదు. నిజంగా తీసెయ్యాల్సి వస్తే కారణం చెప్పి, అతని మాట విని, మూడు నెలల గడువు ఇవ్వాలి. మీటింగులో పెట్టేముందు నాలుగో అంతస్తుకి వెళ్ళి సార్‌కి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. చివరి లైను దగ్గర వేలు ఆగింది.

"మూడు నెలలా?" అన్నారు.

"అవును సార్."

కాసేపు ఊరుకున్నారు. "మా అమ్మాయికి అరవై రోజులేనమ్మా ఇచ్చేది" అన్నారు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆదివారం ఆరింటికి మీటింగు.